గృహప్రవేశానికి వెళ్ళిన తెల్లచొక్కా

ఏవండీ,

మీరొచ్చేసరికి నేను తునిలో అక్కావాళ్ళింట్లో ఉంటాను. మిల్లువాళ్ళ టీషర్టులు అచ్చెయ్యాల్సినవి ఇంకా పన్నెండున్నాయి. అచ్చు మిషన్ బాగా వేడెక్కాక అక్షరాల కాగితం బట్ట మీద బోర్లా పెట్టి, గట్టిగా నొక్కి ఇరవై లెక్కపెట్టండి. మంచిది కొందామంటే వినకుండా మీరు తెచ్చిందే కదా, ఎడంపక్క మూల వేడెక్కదు. అక్కడ రెండోసారి నొక్కండి. ఓపిక లేకపోయినా చల్లారాకే కాగితం లాగండి.

మొన్న కంప్యూటర్లో అక్షరాలు తిరగెయ్యకుండా ప్రింటు తీసి నొక్కింది మీరు. అవి అద్దంలో చూసినట్టు తిరగబడితే, మిల్లు అచ్చిబాబుగారితో "మా ఆవిడ పనండి, దానికేం తెలుసు" అన్నారు. పక్కనే ఉండి విన్నాను.

ఇవాళ ఆయన గృహప్రవేశానికి మీరు వేసుకెళ్ళిన తెల్లచొక్కా నేనే మడతపెట్టి ఇచ్చాను. దాని వీపు మీద "ఆ తప్పు నాదేనండి, మా ఆవిడది కాదు" అని నొక్కాను.

హారతి

అన్నట్టు, నేను అక్షరాలు తిరగేసి మరీ ప్రింటు తీశాను. అందరూ తడుముకోకుండా చదివుంటారు.