ఓబులేసు పేరున వచ్చిన రక్తం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నంద్యాలలో నువ్వు పనిచేసిన గుండె ఆసుపత్రి ల్యాబుకు, నువ్వు అడిగిన కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చాను. ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతుందేమోనని భయపడేదానివి కదా, ఇప్పుడు ప్రతి రక్తం సీసాకూ పేరూ నంబరూ ఉన్నాయి.

శిరివెళ్ల ఊరి ఓబులేసు గుండెకు వాల్వు వేయించుకుని, రక్తం పలచనయ్యే మాత్ర వాడుతున్నాడు. పోయిన వారం అతని రక్తం కొంచెం కూడా పలచబడలేదని కంప్యూటర్ చూపింది. డాక్టరు మాత్ర రెట్టింపు చేశాడు.

ఇవాళ నేను ల్యాబులో ఉండగా మళ్లీ పరీక్షకు వచ్చినవాడి చొక్కా పైగుండీ ఊడి ఉంది. ఛాతీ మీద ఆపరేషన్ గాటు లేదు.

"ఓబులేసు నువ్వేనా?" అన్నాను.

"మాయన్న సార్. చేన్లో నీళ్లు కడతాండాడు. పోయిన వారం గూడా నేనే వచ్చినా. ఒక తల్లి బిడ్డలమే గదా, ఎవరి రక్తమైతే ఏముందిలే?"

"మీయన్న ఎట్లుండాడు?"

"బాగుండాడు. పొద్దున పండ్లు తోముకుంటాంటే నెత్తురొచ్చింది. ఎంతసేపటికీ ఆగలే. అట్లే పార భుజానేసుకొని పాయె."

వాళ్ల ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, చేనికి మనిషిని పరిగెత్తించాను. చీకటి పడుతోంది. తిరిగి ఫోన్ రాలేదు.

నా ఎదురుగా తెర మీద ఓబులేసు పేరూ నంబరూ సరిగ్గానే కలిశాయక్కా.