వాపసు రాని రాళ్ళు

మావయ్యకు,
("గౌరవనీయులైన" అని రాసి, కోపంతో కొట్టేశాను.)

నిన్న మా ప్రార్థన సంఘానికి ఘోర అవమానం జరిగింది. చేసింది శత్రువు కాదు, మా అమ్మకు స్వయానా అన్న. టీ దుకాణంలో పదిమంది ముందు మీరన్న మాట: "ముప్పై ఏళ్ళుగా సమాధి రాళ్ళు చెక్కుతున్నా. 'లేచొచ్చాను, ఇది నాకక్కర్లేదు' అని ఒక్కడూ వాపసు తేలేదు. వీళ్ళేమో క్రీస్తు లేచాడంటారు!" అందరూ పడీపడీ నవ్వారు. నేను బల్ల గుద్దితే నా టీయే ఒలికింది.

కట్టుకథ అల్లేవాడు, ఆ కాలంలో ఎవరూ లెక్కచెయ్యని ఆడవాళ్ళను ఖాళీ సమాధికి మొదటి సాక్షులుగా పెట్టుకుంటాడా? కరపత్రం జతచేశాను.

ఇట్లు,
మండిపోతున్న మేనల్లుడు

తా.క. ఆదివారం భోజనానికి అమ్మ రమ్మంది. నేను కాదు.

*

చిరంజీవి నిప్పుకణికకు దీవెనలు.

కరపత్రం ఉలి తుడవడానికి భేషుగ్గా ఉంది. ఆడవాళ్ళ సాక్ష్యమా? కూరలో ఉప్పు వేశానని మీ అమ్మ ఒట్టేస్తుంది, తిని చూడు! ఆ మాట శిష్యులే నమ్మలేదని మీ కరపత్రమే చెబుతోంది. ఇక నేనెంత?

ఇట్లు,
రాతిగుండె మావయ్య

తా.క. భోజనానికొస్తా. ఉప్పు నేనే తెచ్చుకుంటా.

*

మావయ్యకు,
(ఈసారి రాయనే లేదు.)

మరి మీ షెడ్డులో బోర్లా వేసి, పీటలా వాడుకుంటున్న నల్లరాయి ఎవరిది? ఎత్తబోతే నా చెవి మెలిపెట్టేవారు. ఎవరిదో పని చెడగొట్టి దాచారు! ఆదివారం కుర్రాళ్ళతో వచ్చి తిరగేస్తాను.

ఇట్లు,
సత్యం పక్షాన నేను

తా.క. ఇది చెబితే అమ్మ ఏడ్చింది. మీ పరువు పోతుందనేమో.

*

ఒరేయ్ అల్లుడూ,

అది నీ రాయేరా. నీ ఏడో ఏట జ్వరమొచ్చి, డాక్టరు చేతులెత్తేశాడు. నీ పేరు పరాయివాడు చెక్కకూడదని నేనే కూర్చున్నా. పేరు చెక్కాను, పుట్టిన తేదీ చెక్కాను. రెండో తేదీకి చోటు వదిలాను. అప్పుడు మీ అమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది: "అన్నయ్యా, వాడు నీళ్ళడిగాడు!" నేను నమ్మలేదు. పాపం, మతి చెడిందనుకున్నా. వెళ్ళి చూస్తే నువ్వు మంచం మీద కూర్చుని బిస్కెట్టు కోసం పేచీ పెడుతున్నావు.

మందు పనిచేసిందిలే, వాదన వదలను. కానీ కృతజ్ఞత ఎవరికి చెప్పుకోవాలో తెలియక పదమూడేళ్ళుగా వెక్కిరిస్తున్నా.

నీ
మావయ్య

తా.క. కుర్రాళ్ళను గట్టివాళ్ళను తీసుకురా. ఆ రాయి నా ఒక్కడివల్ల కదలదు.

*

గౌరవనీయులైన మావయ్యకు,
(కొట్టెయ్యలేదు.)

మీరు మొదటిసారి ఓడిపోయారు: ఒక రాయి వాపసొచ్చింది, దానిమీదే కూర్చుని నేను చదువుకున్నాను. ఇన్నాళ్ళు దాచినందుకు దణ్ణాలు. సంఘమంతటికీ కబురు పెట్టాను. ఆదివారం ఉదయం సరిగ్గా ఆరు గంటలకు, మీ షెడ్డు ముందు. రాయి తిరగేయడానికి బలమున్నవాళ్ళు చేతులు, లేనివాళ్ళు పాటకు గొంతు తెచ్చుకోవాలి. కృతజ్ఞత ఎవరికి చెప్పాలో మేం చూపిస్తాం, మీరూ రండి.

మీ
వాపసొచ్చిన అల్లుడు

తా.క. ఉప్పు తేవద్దు. వేశానని అమ్మ చెప్పింది. రుచి చూడకుండానే నమ్మాను.