నాన్న గొంతు దాచే చోటు

వండూర్,
ఆదివారం

చక్రి భయ్యాకి,

ఇంట్లో ఉన్నది అమ్మ ఫోన్ ఒక్కటే. అది ఆన్ చేయడానికి భయమేసి, కాగితం మీద రాసి బస్సు కండక్టర్‌కి ఇస్తున్నాను.

దాని బ్యాటరీ ఉబ్బిపోయింది. షాపువాడు చూసి, "పురానా మోడల్ దీదీ, పాతదైపోయింది, ఎప్పుడైనా పోతాది" అన్నాడు. చేపల వేట నుంచి వస్తూ, జెట్టీ దగ్గర సిగ్నల్ అందగానే నాన్న పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. "చిన్నమ్మీ, వచ్చేత్తన్నాం, ఎసరెట్టు" అని ప్రతిదాంట్లో అమ్మకి చెబుతాడు. చెన్నైలో గొంతు ఆపరేషన్ అయ్యాక నాన్నకి మాట లేదని నీకు తెలుసు.

నా సర్టిఫికెట్లు దాచిన పెన్‌డ్రైవ్ ఉప్పుగాలికి పాడైంది. అందుకే నాన్న మెసేజ్‌లు క్లౌడ్‌లో పెడదామనుకున్నాను. ఒక కంపెనీ ఉచితమంటుంది, చాలాకాలం తెరవకపోతే తీసేస్తానంటుంది. ఇంకొకటి నెలనెలా అద్దె అడుగుతుంది.

"అద్దె కట్టకపోతే మీ నాన్న గొంతు బయట పడేత్తారేటే?" అని అమ్మ అడిగింది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అందుకే నీకు రాయడానికి కూర్చున్నాను.

నువ్వు టౌన్‌లో కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నావు. ఏది నమ్మాలో చెప్పు భయ్యా. వీలైతే రేపే రా, నీ చేత్తోనే ఎక్కించు. తప్పు చేస్తానని నాకు భయంగా ఉంది.

రోజూ సాయంత్రం ఆ మెసేజ్‌లలో ఒకటి విన్నాకే అమ్మ ఎసరు పెడుతుంది. నిన్న నేను ఫోన్ ఇవ్వలేదు. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ మాటలే పెదాలతో అన్నాడు. అమ్మ పొయ్యివైపు తిరిగి ఉంది.

నీ చెల్లి