ఇరవై ఆరు నిండకముందు కొనాల్సిన పాసు

మార్తా,

పులుసు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. పాస్‌పోర్టు పట్టుకుని ఇవాళే బిష్టుపూర్‌లో ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్ళి, యూరప్ రైలు పాసు పూర్తి ధరకే కొనుక్కో. ఇంకెవర్నీ అడగొద్దు.

రైల్వే గార్డుని, జన్మలో టికెట్టు కొని ఎరగను. బేరమాడితే తగ్గుతుందనుకుని ఇక్కడా కలకత్తాలోనూ ఏజెంట్లందరి చుట్టూ నెలల తరబడి తిరిగాను. "అందరిదీ ఒకటే రేటు నానా, ఇదేటి సాక్చి సంతేటి?" అన్నావు. వినలేదు. ఇన్నాళ్ళూ నేను బేరమాడిన ఆ చవక పాసు ఇరవై ఆరు నిండనివాళ్ళకే ఇస్తారని ఏజెంటు నిన్న చెప్పాడు.

నా గూడ్సు కదిలే వేళైంది.
నాన్న

మొన్న ఇరవై ఆరు నిండిన పుట్టినరోజునాడే, ఆ పాసు చెయ్యిజారిందని నీకు తెలుసు కదూ? అయినా కేకు మొదటి ముక్క నా నోట్లోనే పెట్టావు.