ఉదాహరణకు ఒక బిందె

మార్చి 4, 1973. ఆదివారం.

బొగ్గుబాయి మేనేజరు దొరకు పెట్టిన అర్జీ తిరిగొచ్చింది. ఇది రెండోసారి. మార్జిన్‌లో ఎర్ర పెన్సిల్‌తో రెండే మాటలు: నాట్ క్లియర్.

ఏం క్లియర్ కాలేదట? మా లైనులో ముప్పై గుడిసెలు. కుళాయి లేదు. రైలు సైడింగు దాటి, అవతలి బోరింగు దాకా మైలు నడక. నాలుగు పేజీల ఇంగ్లీషు రాశాను. టాయిలింగ్ మాసెస్ అని మూడుచోట్ల రాశాను. నా దగ్గరున్న కరపత్రాల్లోని మంచి మాటలన్నీ ఖర్చు పెట్టాను. కోపంతో అర్జీని నాలుగు ముక్కలు చేశాను. తర్వాత మెతుకులతో అతికించుకున్నాను. కాపీ అదొక్కటే.

అక్క నవ్వింది. కానీ బిందెకు కొత్త సొట్ట చూశాను. గుచ్చి గుచ్చి అడిగితే, పొద్దున పట్టాల మీద జారి కూలబడ్డానని చెప్పింది. సారవ్వక్కకు ఏడో నెల.

రేపటి నుంచి నేను తెస్తానంటే, మొదటి షిఫ్టు డ్యూటీ ఎవడు చేస్తడురా, నీ తాతనా, అన్నది. నిజమే. బాయి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో కొలువు దొరికినప్పటి నుంచి అక్కాబావల ఇంట్లోనే తింటున్నాను. సాయంత్రం ఒక బిందె తెచ్చాను. లైనంతా నవ్వింది. ఒకడిని కొట్టబోయాను, నీళ్లు ఒలికిపోతాయని ఆగాను.

అక్క పురిటిలోపల కుళాయి రావాలి. ప్రతిజ్ఞ.

మార్చి 6.

వామనరావు సారు దగ్గరికి వెళ్లాను. మంథనిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కొడుకు ఉద్యోగం ఇక్కడ కనుక ఇక్కడుంటున్నారు. అర్జీ మొత్తం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ఏమోయ్ నర్సింగం, నీళ్లు అనే మాట మూడో పేజీలో గానీ దొరకలేదేమోయ్, దాహమేసిందోయ్ చదవలేక, అన్నారు.

"వర్కర్స్ ఆర్ సఫరింగ్, ఫర్ ఎగ్జాంపుల్ ఎట్‌సెట్రా, ఎట్‌సెట్రా" అన్న చోట గీత గీశారు. ఉదాహరణా అని గుమ్మంలో నిలబడి పిలిచావు, లోపలి నుంచి ఎవరూ రాలేదు, అన్నారు.

ఒక్కరి కష్టం రాస్తే మిగతా ఇరవై తొమ్మిది ఇళ్లు ఏం కావాలె, వర్గం అంటే మీకు తెలుసా అని అరిచాను. లోపలి నుంచి సారు భార్య ఆండాళమ్మగారు మజ్జిగ పంపించారు. తాగాను. ఇంకా అరవడం బాగుండదని వచ్చేశాను.

మార్చి 8.

మళ్లీ వెళ్లాను. సారు ఏమీ జరగనట్టే పలక తీశారు.

ముందు సంగతి చెప్పాలి, ఫుల్‌స్టాప్. తర్వాత ఫర్ ఎగ్జాంపుల్, ఒక కామా, ఆపైన పూర్తి వాక్యం. ఒక్క ఉదాహరణ చాలు, గట్టిదైతే. సచ్ యాజ్ తర్వాత రెండు మూడు వస్తువుల పేర్లు, అన్నీ ఒకే జాతివి. దాని తోకకు ఎట్‌సెట్రా కట్టకూడదు. నేమ్లీ అంటే మాత్రం ఉన్నవన్నీ చెప్పెయ్యాలి, ఒక్కటీ దాచకూడదు.

అన్నిటికన్నా పెద్దది చివర్న చెప్పారు. చదివేవాడు లేచి వెళ్లి చూసుకోగలిగిందే ఉదాహరణట. చూడలేనిది ఉపన్యాసమట.

ప్రాక్టీసు: నాకు కోపం ఎక్కువ. ఫర్ ఎగ్జాంపుల్, నిన్న ల్యాంపు తొందరగా ఇవ్వమన్నందుకు బుచ్చన్నను తిట్టాను.

కావాలంటే ఎవరైనా లేచి వెళ్లి బుచ్చన్నను అడిగి చూసుకోవచ్చు.

మార్చి 10. శనివారం.

అర్జీ అర పేజీకి దిగింది. టాయిలింగ్ మాసెస్ పోయింది. ప్రాణం కొట్టుకుంది గానీ తీసేశాను. దాని చోట: ఫర్ ఎగ్జాంపుల్, సారవ్వ, వైఫ్ ఆఫ్ యువర్ ఫిల్లర్ సదయ్య, ఫెల్ ఆన్ ది సైడింగ్ ఆన్ ఫోర్త్ మార్చ్.

ఫిల్లరంటే బాయిలో బొగ్గు నింపేవాడు, మా బావ. పేరుంది, తేదీ ఉంది, చోటుంది. ఆఫీసు టపా పెట్టెలో వేశాను. జీవితంలో ఇంత మంచి వాక్యం రాయలేదు.

మార్చి 11. ఆదివారం.

అన్నం దగ్గర కాపీ చదివి, బావకు తెలుగులో చెప్పాను. బావ ముద్ద కింద పెట్టాడు. ఏ సదయ్యరా, అన్నాడు. నువ్వే బావా, అన్నాను. సదయ్య గిదే గుడిసెల ఉన్నడు, ఆఫీసుల ఎన్నడున్నడురా, అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

పన్నెండేళ్ల కింద కొలువు కాగితం వచ్చింది కమాన్‌పూర్ రాయమల్లుకు. ఆయన ఒక్క రోజు బాయిలో దిగి, ఆ చీకటికి జడిసి నాగలి దగ్గరికే వెళ్లిపోయాడు. ఆ కాగితం మీద బావ దిగాడు. బాయి మీద రాయమల్లు, ఇంట్లో సదయ్య. మా లైనులో ఇట్లాంటి వాళ్లు ఎనిమిది మంది. రోజూ రాయమల్లూ అని కేకేసి బావకు ల్యాంపు ఇచ్చేది నేనే. ఇంటికొచ్చి బావా అనేదీ నేనే. రెండు పేర్లున్నాయన్న ధ్యాసే ఉండదు మాకు. అక్క గురించి రాస్తుంటే ఇంట్లో పిలిచే పేరే వచ్చింది.

ఆ అర్జీ చదివి రిజిస్టరు తీస్తే సదయ్య ఉండడు. ఎవడీ సదయ్య అని విచారణ పెడితే బావ కొలువు పోతుంది. వెనకే ఏడుగురివి.

బావ తిట్టలేదు. తిడితే బాగుండేది. జల్ది పోయి తేపో తమ్మీ అన్నాడు, అంతే. ఆదివారం. ఆఫీసుకు తాళం.

మార్చి 12.

పెద్ద ల్యాంపువాలా కాళ్లావేళ్లా పడి గంట పర్మిషన్ తీసుకున్నాను. అటెండరు పోశం కాక టపా పెట్టె తాళం తీస్తున్నాడు. అర్జీ వాపసు కావాలన్నాను. ఇరువై ఏండ్ల సర్వీసుల అర్జీ పెట్టినోళ్లనే చూసిన, మల్ల గుంజుకపోయేటోన్ని నిన్నే చూస్తున్న, అన్నాడు. తప్పులున్నాయన్నాను. తప్పులుంటే ఏమాయె, చదివెటోళ్లు ఉన్నరా, అంటూ ఇచ్చేశాడు.

బయటికొచ్చి అక్కడే నమిలి మింగేశాను. ఉత్త మాట కాదు. ఇంకు చేదు.

మార్చి 13.

ఏమీ రాయలేదు.

మార్చి 15.

బావ పేరు కొట్టేసి అక్క పేరొక్కటే పెడదామనుకున్నాను. ఏ సారవ్వ, ఎవరి భార్య అని ఆఫీసు అడగదా? అడుగుతుంది. పేర్లు లేకుండా రాస్తే మళ్లీ నాట్ క్లియర్.

సారుకు అసలు సంగతి చెప్పలేను. పేరు పెట్టడానికి లేదు సారూ, అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అయితే కుర్చీలోంచి లేవకుండా కనపడేదేదో వెతకవోయ్, అన్నారు.

ఇంటికొచ్చి తలపట్టుకు కూర్చుంటే అక్క కసురుకుంది. ఆ దొరకు కాయితమెందుకురా, కండ్లు లేవా, పది గొట్టంగ దినాం ఆయన కిటికీ ఎనకనుంచే బిందెలతోని వస్తుంటిమి, గటు దిక్కు తిరిగి చాయ తాగుతడు, అన్నది.

అక్కా, మళ్లీ చెప్పు, అన్నాను.

మార్చి 17.

ఫర్ ఎగ్జాంపుల్, ఇఫ్ యు లుక్ అవుట్ ఆఫ్ యువర్ విండో ఎట్ టెన్ ఓ క్లాక్, యు విల్ సీ అవర్ విమెన్.

సారు చదివి కామా కూడా మార్చలేదు. పెట్టెలో వేశాను.

ముప్పై ఇళ్ల ఆడవాళ్లూ కిటికీ కింద బారులు తీరాలని, నాలుగు నినాదాలు నేర్పుతానని అన్నాను. అక్క చీపురు తీసింది. దినాం పోయినట్టే పోతం, నాటకాలెందుకురా, అన్నది. అరిచాను. తర్వాత ఆలోచిస్తే ఆమె మాటే సరి. రోజూ జరిగేదే కదా ఉదాహరణ.

మార్చి 20. మంగళవారం.

పోశం కాక ల్యాంపు రూముకే వచ్చి చెప్పాడు. నవ్వుకు మాట రావడం లేదు.

దొర అర్జీ చదివాడట. వాచీ చూసుకున్నాడట. పదింటికి లేచి కిటికీ రెక్కలు తీశాడట. సరిగ్గా ఆ కిటికీ కింద, మా లైను చివరింటి ఐలవ్వ బిందె దించుకుని అలుపు తీర్చుకుంటోంది. అరవై ఏళ్ల మనిషి. ఆయనెవరో ఆమెకేం తెలుసు? బిడ్డా, ఉత్తగ నిలవడి చూసుడేంది, జెర ఇటొచ్చి బిందె ఎత్తు, అన్నదట.

దింపిన బిందె నెత్తికెక్కాలంటే ఇంకో మనిషి చెయ్యెయ్యాలి. దారిన పోయేవాళ్లెవరైనా వేస్తారు. దొర చుట్టూ చూసి, వెనకాల నుంచి బయటికొచ్చి ఎత్తాడట. సగం ప్యాంటు మీద పోసుకున్నాడట. తిండి తింటలేవా బిడ్డా, అన్నదట ఐలవ్వ.

తడి ప్యాంటుతోనే కూర్చుని అర్జీ మీద ఏదో రాశాడట. ఈసారి ఎర్ర పెన్సిల్ కాదట.

ఏప్రిల్ 9.

పైపులు దిగాయి! మన్ను తవ్వుతున్నారు. డ్యూటీ దిగి నేనూ ఒక గడ్డపార పట్టాను. బావ కూడా పట్టాడు. నీ పేరేందని మేస్త్రీ అడిగితే బావ నా మొహం చూశాడు. ఇద్దరం నవ్వాం. మేస్త్రీకి అర్థం కాలేదు.

అక్క గడపలో కూర్చుని అన్నది: పుట్టెటోనికి ఒక్కటే పేరు పెడ్త, బాయి మీదైనా గదే, ఇంట్ల అయినా గదే.

సారుకు చెబుదామని వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు. రెండు పేర్లున్న ఆ ఎనిమిది మంది సంగతి ఏం చెయ్యాలో ఇంకా తెలియదు. దానికీ ఒక వాక్యం దొరుకుతుంది.

ఏప్రిల్ 15. ఆదివారం.

నీళ్లొచ్చాయి. ఉదాహరణకు, ఈ పేజీ తడి.