పాత బస్సు దారిలో బ్యాటరీ సైకిళ్ళు

శ్రీవారికి నమస్కారం.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. మీరు కూడా కులాసాగా ఉన్నారని, క్యాంటీన్ కూరల్ని తిట్టుకుంటూనైనా రెండు పూటలా తింటున్నారని అనుకుంటున్నాను. మీ సైటులో సిగ్నల్ అందక "హలో హలో" అని అరుచుకోవడంతోనే సరిపోయే ఆ ఫోను కన్నా మన ఉత్తరాలే నయం. ఇందులో అయితే మీరు మధ్యలో అడ్డు తగలరు.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. మన అమ్మాయి పిచ్చుకకి ముందు పళ్ళు రెండూ వచ్చేశాయి. సందు పోయింది కాబట్టి ఇప్పుడు ఈల రావడం లేదని ఏడుపు. నీళ్ళ మోటారుకి బేరింగు మార్పించాను, రొద తగ్గింది. మళ్ళీ మొదలవుతుందేమోనని నేను మాత్రం మోటారు వేసినప్పుడల్లా చెవి అటు పడేసి నిలబడుతున్నాను. నా సంగతి మీకు తెలియనిదేముంది? గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని.

ఇక మూడోది. "నాన్న సైకిలు తొక్కడం మానలేదు కదా? నీ భయాలన్నీ ఆయనకి ఎక్కించి ఇంట్లో కూర్చోబెట్టకు" అని రాశారు. దీనికి జవాబు కాస్త పొడుగు. కూర్చుని చదవండి.

పోయిన ఆదివారం నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి సెలవు. పిచ్చుక స్నేహితురాలి ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళింది. మామయ్యగారు పొద్దున్నే తయారై కూర్చున్నారు. "అమ్మాయ్, పెద్ద రోడ్డు పడకముందు నేను బస్సు నడిపిన దారి చూపిస్తాను, రా. మళ్ళీ వానలొస్తే ఆ ఎత్తుపల్లాలన్నీ బురదే" అన్నారు. నాకోసం పక్కింటి టీచరుగారి బ్యాటరీ సైకిలు ముందురోజే అడిగి తెచ్చిపెట్టేశారు. ఇక కాదనడానికి నోరు రాలేదు.

ఆ గుట్టల దారి మీరు చూసి ఎన్నేళ్ళయిందో. ఆకులు రాలే కాలం కదా, చెట్లన్నీ పసుపు రంగుకీ ఇటుక రంగుకీ తిరిగాయి. ఎండ ఒంటికి హాయిగా ఉంది. ఎత్తు రాగానే బటన్ నొక్కితే చాలు, ఎవరో వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు సైకిలు పైకి వెళ్ళిపోతుంది. మీరుంటే పాటలు పాడేవారు. నేను మాత్రం బ్యాటరీ గీతలు ఎన్ని మిగిలాయో చూసుకుంటూ, పల్లం వస్తే ఎండుటాకుల మీద చక్రం జారుతుందేమోనని బ్రేకు పిసుకుతూ తొక్కాను. ఇంత దూరం వచ్చి హ్యాండిల్ తప్ప ఏమీ చూడలేదేమని మామయ్యగారు ఒకటే నవ్వు.

ఆయన సరదా ఆయనది. పాత స్టాపు వచ్చిన ప్రతిచోటా సైకిలు ఆపారు. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు.

"ఇక్కడెందుకు మామయ్యా ఆగడం?"

"స్టాపులో ఆపకపోతే కంప్లయింట్ రాస్తారమ్మాయ్!"

కడుపుబ్బా నవ్వాను. ఆ కాసేపు నాకు కూడా భయం వేయలేదు.

ఆ తర్వాత దారి కాస్త వెడల్పయింది. నేను వేగం పెంచి ఆయన పక్కకి వచ్చాను. ఇద్దరి హ్యాండిళ్ళ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆయన తిన్నగా ముందుకి చూస్తూ "ఏమ్మా, ఎక్కడున్నావ్? వెనకబడ్డావా?" అని గట్టిగా కేక వేశారు. ఆటపట్టిస్తున్నారనుకున్నాను. "మీ పక్కనే ఉన్నాను" అన్నాను. ఉలిక్కిపడి తల తిప్పి చూశారు. ఆ ఉలికిపాటు ఆటలా లేదు.

ఇంకాస్త ముందుకి వెళ్ళాక ఎడమ వైపు నుంచి ఒక సందు వచ్చి కలుస్తుంది. అందులోంచి ఒకావిడ పాల క్యాన్లు కట్టిన సైకిలు మీద గంట కొడుతూ వస్తోంది. నాకు చాలా దూరం నుంచే కనిపించింది. మామయ్యగారికీ కనిపించే ఉంటుంది, ఆగుతారనుకున్నాను. ఆయన ఆగలేదు. ఆవిడ పక్కకి తిప్పేసి పొదల్లో పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కళ్ళెక్కడ పెట్టుకుని తొక్కుతున్నావయ్యా పెద్దాయనా?" అని ఆవిడ లేస్తూనే కడిగేసింది. దెబ్బలేమీ తగల్లేదు. ఒక క్యాను మూత ఊడి పాలు ఒలికాయి. మామయ్యగారు ఆవిడ సైకిలు లేపి నిలబెట్టి, దండం పెట్టి, నా వైపు తిరిగి "ఎక్కణ్ణుంచి ఊడిపడిందమ్మా ఈవిడ?" అన్నారు. నిజంగానే అడుగుతున్నారు.

నేను ఆయన్ని తీసుకెళ్ళి కల్వర్టు మీద కూర్చోబెట్టాను. "నా చూపుకేం? అదిగో, ఆ గుట్ట మీది బోర్డు కింద చిన్నక్షరాలు చదవనా?" అని గడగడా చదివేశారు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. మా షాపులో డాక్టరుగారు చేసేది రోజూ చూస్తూనే ఉన్నానుగా. ఎదురుగా కూర్చుని "ఒక కన్ను మూసుకుని నా ముక్కు వైపే చూడండి, వేలు కనిపించగానే చెప్పండి" అని చెయ్యి బార చాచి, వేలు ఆడిస్తూ మెల్లగా దగ్గరికి తెచ్చాను. ఆయన చెప్పలేదు. ఇంకా తెచ్చాను. వేలు నా చెవి దాకా వచ్చేసింది. అప్పుడు అన్నారు "ఆఁ, వచ్చింది" అని. రెండో కన్నూ అంతే.

నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. "రోజూ పిల్లని వెనకాల కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తున్నానే" అన్నారు. తిరుగు దారంతా సైకిలు ఎక్కలేదు, చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. నేనూ దిగి ఆయన పక్కనే నడిచాను. ఇంటికి రాగానే సైకిలు తాళం చెవి ఆయనే నా చేతిలో పెట్టారు. నేను మాన్పించలేదండీ, ఒట్టు.

మర్నాడు డాక్టరుగారికి చూపించాం. గ్లకోమా అన్నారు, నీటికాసులు. నొప్పి ఉండదట. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తూ పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తుందట, అందుకే మనిషికి తెలియదట. పోయింది రాదు. ఉన్నది పోకుండా చుక్కల మందు రాశారు, రోజూ నేనే వేస్తున్నాను. మామయ్యగారు ఇప్పుడు పిచ్చుక చెయ్యి పట్టుకుని నడిపించి బడికి తీసుకెళ్తున్నారు. ఆయన గురించి బెంగ పెట్టుకోకండి.

నా బెంగ వేరే. ఇంతసేపూ రాయడానికి చెయ్యి రానిది అదే. మందు రాసిచ్చాక డాక్టరుగారు "ఈయనకి పిల్లలెంతమంది?" అని అడిగారు. ఒక్కరే, మావారు అన్నాను. ఇది తండ్రి నుంచి పిల్లలకి రావచ్చు, ఆయనకీ పరీక్ష చేయించాలి అన్నారు. "ఏం పని చేస్తారు?" అంటే "టవర్ క్రేన్ నడుపుతారు" అన్నాను. ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశారు.

పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు పిచ్చుక బొమ్మ గీసి మీ కుర్చీ పక్కన చాలాసేపు పట్టుకు నిలబడింది, గుర్తుందా? "నాన్న నన్ను చూడట్లేదు" అని ఏడ్చింది. మీరు పేపర్లో మునిగిపోయానన్నారు. వంటింటి గుమ్మానికి మీ భుజం రెండుసార్లు కొట్టుకుంటే ఇల్లు ఇరుకైపోయిందని నవ్వాం. అవి ఏమీ కాకపోవచ్చు. నావి ఉత్త భయాలే కావచ్చు. అలా అయితే నా అంత సంతోషించేవాళ్ళు ఉండరు.

కానీ ఆగలేకపోయాను. మంగళవారం మీ సైటు ఇంజనీరుగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కళ్ళ పరీక్ష అయ్యేదాకా మిమ్మల్ని క్రేన్ ఎక్కనివ్వనన్నారు. ఈ ఉత్తరం అందేసరికి మిమ్మల్ని దింపేసే ఉంటారు. ఆ క్యాబిన్ కోసం మీరెన్నేళ్ళు కింద తాళ్ళు లాగారో నాకు తెలుసు. ఒకసారి దిగినవాడికి మళ్ళీ అది దొరకడం కష్టమని మీరే చెప్పారు. అదీ తెలుసు. ఎవరు చెప్పారో మీకు చెప్పనని ఇంజనీరుగారు మాట ఇచ్చారు. మీరు తోటివాళ్ళని అనుమానిస్తూ కూర్చుంటారని నేనే చెబుతున్నాను. చెప్పింది నేనేనండీ.

కోప్పడండి. మీకు ఎంత కావాలంటే అంత కోప్పడండి, పడతాను. నేల మీద నిలబడి కోప్పడండి, చాలు.

ఇట్లు,
మీ ఇల్లాలు