నువ్వు చేసిన టేకు పెన్ను

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఎన్నికల గొడవలో నిన్ను కర్రలతో కొట్టి చంపినవాడు బెయిలు మీద బయటికొచ్చాడు. నరసరావుపేటలో మన పెన్నుల కొట్టుకే వచ్చి, నువ్వు టేకుతో చేసిన పెన్ను బల్ల మీద పడేశాడు.

"మీ అన్న చేసిందేరా. ఇరుక్కుంది, విప్పు," అని నవ్వాడు.

బల్ల మీదున్న వాడి చేతిని సుత్తితో కొట్టాను. వేళ్లు చితికాయి. వాడు రెండో చేత్తో నా గొంతు పిసికాడు. వదిన మధ్యలో దూరి విడదీసింది.

"ఒకడు పోయింది చాలదేందిరా? నువ్వూ జైలుకి పోతావా?" అని ఏడ్చింది.

వాడు పెన్ను బల్ల మీదే వదిలేసి పోలీసుల దగ్గరికి పరిగెత్తాడు. ఇరుక్కున్న పెన్నుల్ని మేకు పెట్టి కొడితే చెక్క చీలుతోందని, లోపలి గొట్టానికి సరిపడే ఇత్తడి కడ్డీ ఈమధ్యే చేసుకున్నాను. దాన్ని బల్లకున్న మర తిప్పుతూ నెమ్మదిగా లోపలికి నెట్టి పెన్ను విప్పాను. ఎక్కడా చీలలేదు. వదిన చేతికిచ్చి, జీపు కోసం కొట్లోనే కూర్చున్నానన్నా.